సార్ రాలేదా మేడమ్?

కారు బాగుచేయించుకోవడానికి బయల్దేరే ఆడమనిషికి మా వరంగల్‌లో అందరూ ఇచ్చే సలహా ఒకటే: ఎవరైనా మగవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లు. అన్నో, తమ్ముడో, భర్తో, ఆఖరికి పక్కింటి ఇంటర్ కుర్రాడైనా సరే. ఆ కుర్రాడికి ఇంజన్ గురించి ఏమైనా తెలుసా అని ఎవరూ అడగరు. వాడు అక్కడ నిలబడితే చాలు. ఈ సలహా ఇచ్చేవాళ్లలో స్త్రీవాద సభల్లో నా పక్కన కూర్చునే మిత్రులు కూడా ఉన్నారు. వాళ్లని తప్పుపట్టలేను. సలహా పనిచేస్తుంది మరి. పనిచేస్తుందన్నదే నన్ను ఆలోచనలో పడేసింది. ఏమీ తెలియని ఒక మనిషి ఊరికే నిలబడినందువల్ల, తెలిసిన ఇంకో మనిషి మాటకు విలువ వస్తోందంటే, అక్కడ విలువ కడుతున్నది దేనికి?

ఇంతకన్నా పెద్ద గాయాల గురించి రాసుకోవాల్సిన చోట కారు గొడవేమిటని మీరు అనొచ్చు. కారున్న ఆడవాళ్లు మనలో ఎందరు? 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు టికెట్ లేదు కాబట్టి, నాతోటి లెక్చరర్లు కొందరు స్కూటీలు ఇంట్లో పెట్టి హన్మకొండ బస్టాండుకే వస్తున్నారు. అయినా ఈ చిన్న విషయం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తోంది. పోలీస్ స్టేషన్లో, ఆసుపత్రిలో, కోర్టులో మన మాట చెల్లకపోతే దానికి వంద కారణాలు చూపిస్తారు. ఆమె భయపడిందంటారు, సిగ్గుపడిందంటారు, కుటుంబం పరువు కోసం దాచిందంటారు. ఇంజన్‌కి సిగ్గూ లేదు, పరువూ లేదు. దాని గురించి మనం చెప్పేదాంట్లో దాచుకోవాల్సిందేమీ లేదు. అటువంటి చోట కూడా మాట చెల్లలేదంటే, చెల్లకపోవడం అనేది మిగతా కారణాలన్నీ తీసేశాక కూడా మిగిలే వస్తువన్నమాట. దాన్ని విడిగా పట్టుకుని చూడటానికి ఇంతకన్నా మంచి చోటు నాకు దొరకలేదు.

నా కారు సంగతి క్లుప్తంగా చెప్తాను. సెకండ్‌హాండ్‌లో కొన్న మారుతి, మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు బండి. వారానికి నాలుగు రోజులు హన్మకొండ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ అవతల ఉన్న ఒక డిగ్రీ కాలేజీకి గెస్టు ఫ్యాకల్టీగా వెళ్లిరావడానికి అదే ఆధారం. ఊళ్లో ఒక పెద్ద వర్క్‌షాపులో సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఆయిల్ మార్చారు, ఫిల్టర్లు మార్చారు, మూడు స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేశారు. మర్నాడు పొద్దున కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే బండి ఒక్కసారి తూలింది. మళ్లీ రెండు క్షణాలకి ఇంకోసారి. దిగేటప్పుడు ఏమీ లేదు. అంతకుముందు రోజు వరకూ లేని జబ్బు.

పరిశోధన చేసినవాళ్లకి ఒక అలవాటు అబ్బుతుంది, కనిపించిందల్లా రాసిపెట్టుకోవడం. పది రోజులు రాశాను. ఏ గేరులో, ఎంత వేగంలో, ఏసీ వేసి ఉందా లేదా, ఇంజన్ చల్లగా ఉందా వేడెక్కిందా. పదో రోజుకి ఒక సంగతి తేలింది. బండి మీద బరువు పడినప్పుడే తూలుతోంది: ఎత్తు ఎక్కేటప్పుడు, నాలుగో గేరులో ఉండి లారీని దాటబోయేటప్పుడు. నిలబెట్టి స్టార్ట్ చేస్తే నిద్రపోతున్న పిల్లిలా ఉంటుంది.

ఈ కాగితం తీసుకుని మూడుసార్లు వెళ్లాను. కాగితం ఎవరూ చూడలేదు. మొదటిసారి పెట్రోల్‌లో నీళ్లు కలిసుంటాయి, బంకు మార్చమన్నారు. రెండోసారి నేను క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నానని తేల్చి, ఆ తేల్చిన దానితో ఏ సంబంధమూ లేకుండా ఇంజెక్టర్లు శుభ్రం చేసి పద్దెనిమిది వందలు తీసుకున్నారు. మూడోసారి సూపర్‌వైజర్ బానెట్ ఎత్తి, స్టార్ట్ చేయించి, రెండుసార్లు రేస్ ఇచ్చి, స్కానర్ పెట్టి చూశాడు. "కంప్యూటర్‌లో ఏం చూపిస్తలేదు మేడమ్. కంప్రెషన్ పోయినట్టుంది. హెడ్ దింపాలె. ఇరవై ఎనిమిది వేలు అయితయ్." కంప్రెషన్ కొలిచారా అని అడిగాను. దానికో గేజ్ ఉంటుంది, ప్లగ్గు తీసి ఆ కన్నంలో బిగించి చూస్తారు, అరగంట పని. "ఎక్స్‌పీరియన్స్ మీద చెప్తున్న" అన్నాడు. కాసేపాగి, ఏమాత్రం వెటకారం లేకుండా, నిజంగా నా మేలు కోరుతున్నవాడిలా అడిగాడు: "సార్ రాలేదా మేడమ్? ఒకసారి సార్‌తోటి మాట్లాడించండి."

మా ఇంట్లో సార్ లేడు. అమ్మా, నేనూ ఉంటాం.

ఇంగ్లండ్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో ఈ రకం అన్యాయానికి ఒక పేరు పెట్టింది. మనిషి చెప్పే మాటని, ఆ మనిషి ఎవరన్నదాన్ని బట్టి తక్కువ చేసి చూడటం. దాన్ని ఆమె సాక్ష్యానికి జరిగే అన్యాయం అంటుంది. ఆమె ఇచ్చే ఉదాహరణల్లో ఒకటి రిప్లీ సినిమా కథలోది. మార్జ్ అనే యువతి తన కాబోయే భర్త మాయం వెనక ఎవరున్నారో సరిగ్గానే పసిగడుతుంది. అతని తండ్రి దాన్ని ఆడవాళ్ల మనసుకు తోచే ఊహ కింద జమకట్టి పక్కన పెట్టేస్తాడు. ఫ్రికర్ దృష్టిలో ఇది తప్పు కావడానికి కారణం స్పష్టం: తెలిసిన మనిషిగా గుర్తించకపోవడమంటే పూర్తి మనిషిగా గుర్తించకపోవడమే.

అంతవరకూ సరే. నాకు ఇంకో వైపు నుంచి కూడా చూడాలనిపిస్తుంది. నన్ను వినకపోవడంలో నాకు అవమానం జరిగింది, అది నా సంగతి. వర్క్‌షాపు పోగొట్టుకున్నదేమిటి? ఆ జబ్బు రోడ్డు మీద, ఎత్తులో, నేను స్టీరింగ్ ముందు ఉన్నప్పుడు మాత్రమే కనిపిస్తుంది. షెడ్డులో బానెట్ ఎత్తి చూసేవాడికి ఎప్పటికీ కనిపించదు. అంటే నా మాట ఒకానొక అభిప్రాయం కాదు, ఉన్న ఒకే ఒక్క ఆధారం. దాన్ని పక్కన పెట్టాక మిగిలేది ఊహే. ఆ రోజు అక్కడ ఊహించింది అతను, గమనించింది నేను. పేర్లు మాత్రం తారుమారయ్యాయి: నాది ఆడవాళ్ల కంగారు అయింది, అతనిది ఎక్స్‌పీరియన్స్ అయింది.

కంప్యూటర్ సంగతీ చెప్పాలి. సాక్షుల వరసలో ఇప్పుడు దానిదే మొదటి స్థానం. తర్వాత మగవాడు, ఆ తర్వాత మనం. కారులో కంప్యూటర్ ఇంజన్ తిరిగే వేగంలో తేడాలు కొలిచి ఎన్నిసార్లు నిప్పు రగలలేదో లెక్కపెడుతుంది. ఆ లెక్క ఒక హద్దు దాటితేనే దీపం వెలిగిస్తుంది. బ్రిడ్జి మీద రెండుసార్లు తూలితే ఆ హద్దు దాటకపోవచ్చు. కంప్యూటర్ ఏమీ చెప్పలేదంటే ఏమీ జరగలేదని కాదు. చెప్పాల్సినంత జరగలేదని దానికి నేర్పినవాళ్లు అనుకున్నారని.

తర్వాత ములుగు రోడ్డు వైపు ఒక షెడ్డుకి వెళ్లాను. బోర్డు కూడా సరిగా లేదు. ఉస్తాద్‌కి అరవై ఉంటాయి. ఏమైందమ్మా అన్నాడు. "బండి ఎక్కిళ్లు పెడుతోంది" అన్నాను. పెద్ద వర్క్‌షాపులో ఈ మాటకి రిసెప్షన్ అమ్మాయి కూడా నవ్వింది. ఉస్తాద్ నవ్వలేదు. "ఎక్కిళ్లా, దగ్గా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నదానికి అంతకన్నా సంతోషం ఏముంటుంది! ఎక్కిలి అంటే ఉన్నట్టుండి ఒక్క దెబ్బ తప్పిపోవడం, వెంటనే సర్దుకోవడం. దగ్గు అంటే వరసగా, లోపలి నుంచి వెనక్కి తన్నినట్టు రావడం. ఈ రెంటికీ కారణాలు వేరు, వెతికే చోట్లు వేరు. మన భాషలో చప్పుళ్లకి లెక్కలేనన్ని మాటలున్నాయి. టకటక వేరు, టపటప వేరు. గరగర వేరు, గురగుర వేరు. కీచుమంటే ఒకటి, బుస్సుమంటే ఇంకొకటి. వ్యాకరణం పుస్తకంలో వీటిని ధ్వన్యనుకరణ పదాలని ఒక పేజీలో చెప్పి ముందుకు పోతాం. వంటింట్లో కుక్కర్ శబ్దాన్ని బట్టి, చంటిపిల్ల ఏడుపును బట్టి, మోటారు బావిలో నీళ్లు అయిపోయాయని తెలిసే మోతను బట్టి ఆడవాళ్లు రోజూ చేసే రోగనిర్ధారణంతా ఈ మాటల్లోనే ఉంది. వర్క్‌షాపు జాబ్‌కార్డు మీద నా పది రోజుల కాగితం ఎలా మారిందో తర్వాత చూశాను: 'పికప్ ప్రాబ్లం'. రెండు ఇంగ్లీషు మాటలు. ఫ్రికర్ చెప్పే రెండో రకం అన్యాయం ఒకటుంది. అనుభవాన్ని చెప్పుకోవడానికి కావలసిన మాటలే సమాజంలో లేకపోవడం. ఇక్కడ పరిస్థితి అది కూడా కాదు. మాటలున్నాయి, అచ్చంగా సరిపోయేవి ఉన్నాయి. కార్డులో గడి లేదు.

ఎక్కిళ్లే అన్నాను. ఎప్పటి నుంచి అన్నాడు. సర్వీసింగ్ మర్నాటి నుంచి అన్నాను. "ఏమేం ముట్టుకున్నరు?" అని అడిగాడు. తర్కశాస్త్రం చదివినవాళ్లు ఇక్కడ అభ్యంతరం చెప్తారు. కాకి వాలడం, తాటిపండు పడటం ఒకసారే జరిగినంత మాత్రాన కాకి వల్లే పండు పడిందనకూడదు. కాకతాళీయ న్యాయం నాకూ తెలుసు. కానీ ఉస్తాద్ కాకిని నేరస్థురాలిని చేయలేదు, ముందు కాకి వాలిన కొమ్మ చూద్దామన్నాడు. చేతులు పడిన చోటు ముందు చూడటం తీర్పు ఇవ్వడం కాదు, వెతకడానికి ఒక వరస పెట్టుకోవడం. ఆ వరసలో హెడ్ దింపడం ఎక్కడో చివర వస్తుంది.

అప్పుడు అతను చేసిన పని చాలా మామూలుది. పక్క సీట్లో కూర్చుని, "మీరే నడపండి, మీరు ఎట్ల నడుపుతరో అట్లనే" అన్నాడు. ఎత్తు ఎక్కాం. బండి తూలింది. అతను తలూపాడు. తిరిగొచ్చాక సర్వీసింగ్‌లో తీసేసిన పాత ప్లగ్గులు ఉన్నాయా అని అడిగాడు. డిక్కీలో పాలిథిన్ సంచిలో ఉన్నాయి. కొత్తవి తీసి అవే బిగించి, మళ్లీ అదే ఎత్తు ఎక్కించాడు. తూలలేదు. కొత్త ప్లగ్గులు ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూశాడు. ఒకదాని తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత నల్లగీత. పగులు. బిగించేటప్పుడు పానా వంకరగా పడితే అలా చిట్లుతుందన్నాడు. ఇంజన్ మీద బరువు పడినప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ తన సందు దాటాలంటే ఎక్కువ ఓల్టేజి కావాలి. కరెంటు సులువైన దారి చూసుకుని పగులులోంచి జారిపోతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు ఒత్తిడి తక్కువ, కాబట్టి రవ్వ మామూలుగానే దాటుతుంది. నా కాగితంలో పది రోజులుగా రాసి ఉన్నది ఇదే. దానికి కారణం చెప్పగల మనిషి దొరికాడంతే. కొత్త ప్లగ్గుల సెట్టు, కూలీ కలిపి తొమ్మిది వందలు.

నడిపే మనిషి సాక్ష్యం అనగానే నాకు బెర్తా బెంజ్ గుర్తొస్తుంది. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని అతను తయారుచేసిన మోటారు బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్ల పైచిలుకు నడుపుకుంటూ వెళ్లింది. పెట్రోలు గొట్టంలో అడ్డం పడితే టోపీ పిన్నుతో తీసింది, బ్రేకు దిమ్మలు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఈ కథ చెప్పేవాళ్లు టోపీ పిన్ను దగ్గర ముచ్చటపడి ఆగిపోతారు, ఆడవాళ్ల వస్తువు కదా. నాకు ముఖ్యం అనిపించేది వేరే. ఎత్తులు వచ్చిన చోట బండి ఎక్కలేకపోయింది, దిగి తోయాల్సి వచ్చింది. తిరిగి వచ్చాక ఆమె ఆ సంగతి చెప్పింది. కార్ల్ బెంజ్ ఎత్తుల కోసం ఇంకో గేరు చేర్చాడు. అక్కడా ఎత్తే, ఇక్కడా ఎత్తే. ఒకచోట ఇంజనీరు విన్నాడు, బండి మారింది.

అర్థశాస్త్రంలో ఈ వ్యవహారానికి వేరే పేరుంది. మైకేల్ డార్బీ, ఎడి కార్నీ అనే ఇద్దరు 1973లో రాసిన వ్యాసంలో కొన్ని సేవల్ని విడిగా వర్గీకరించారు. వాటి నాణ్యత కొనకముందు తెలియదు, కొన్నాక కూడా తెలియదు. నమ్మడమే. హెడ్ దింపాక బండి బాగైతే అది హెడ్ దింపినందుకు బాగైందో, దింపేటప్పుడు ప్లగ్గు మార్చినందుకు బాగైందో నాకెలా తెలుస్తుంది? రోగం చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయిన చోట ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం వెలువరించారు. రిపేరు షాపులకు ఆడవాళ్ల చేత, మగవాళ్ల చేత ఫోన్లు చేయించి ఒకే రకం కారుకి రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందని అడిగించారు. ధర గురించి తమకేమీ తెలియదన్నట్టు మాట్లాడినప్పుడు ఆడవాళ్లకి ఎక్కువ చెప్పారు. ఇంత అవుతుందని విన్నాం అని ముందే ఒక అంకె అంటే ఆ తేడా మాయమైంది. దీన్ని చూపించి ఆడవాళ్లు సమాచారం తెలుసుకుని వెళ్తే చాలని కొందరు అంటారు. ధర విషయంలో చాలేమో. రోగనిర్ధారణ ఫోన్లో చెప్పగలిగే అంకె కాదు. పైగా నేను తెలుసుకునే వెళ్లాను. కాగితం చేతిలోనే ఉంది.

డార్బీ, కార్నీల వ్యాసంలో మోటారు రిపేర్ల పక్కనే శస్త్రచికిత్సల ప్రస్తావన కూడా వస్తుంది. అది చదువుతుంటే నాకు ఇక కారు కనిపించలేదు. ఆడదాని ఒంటిని యంత్రంతో పోలుస్తున్నానని అనుకోకండి, ఆ పోలిక మనమీద చాలాకాలంగా రుద్దుతూనే ఉన్నారు. నేను పోలుస్తున్నది వినే పద్ధతిని. 'హెడ్ దింపాలె' అన్న మాట వినగానే, కొలవకుండా చెప్పే ఇంకో తీర్పు గుర్తొచ్చింది: 'గర్భసంచి తీసెయ్యాలె, లేకపోతే క్యాన్సర్ అయితది.' 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి ఈ లెక్క అడిగారు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట ఎప్పటి నుంచి, నొప్పి నెలలో ఏ రోజుల్లో, బరువు ఎత్తినప్పుడా నడుము వంచినప్పుడా అని ఆ ఆడవాళ్లలో ఎందరిని ఎవరైనా కూర్చోబెట్టి అడిగి ఉంటారు? వాళ్ల దగ్గరా ఒక కాగితం ఉండేది, రాయనిది. 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చిన మన ముందుతరం మిత్రులు ఆ కాగితాన్నే రాయడానికి పూనుకున్నారు. ఆడవాళ్లు అడిగే సందేహాలు అజ్ఞానానికి గుర్తులు కావు, పరిశీలనలు అని ఆ పేరులోనే ఉంది.

అన్యాయం జరిగాక నిరూపించుకోవడం ఇంకో మెట్టు. ఇక్కడ మన హైదరాబాద్ కేసు ఒకటి చెప్పుకోవాలి. వి. కిషన్‌రావు మలేరియా శాఖలో అధికారి. 2002లో చలిజ్వరంతో ఉన్న భార్యని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. ఆమె చనిపోయింది. జీవితమంతా మలేరియాతోనే పనిచేసిన మనిషి అతను. జిల్లా వినియోగదారుల ఫోరం రెండు లక్షల పరిహారం ఇవ్వమంది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడు వచ్చి చెప్తే తప్ప నమ్మమని పట్టుబట్టడం సరికాదంది. ఈ తీర్పు నాకిష్టం. చదివిన ప్రతిసారీ ఒక సందేహం మాత్రం వస్తుంది. ఆమె బతికుండి, తనకు చలి ఎన్ని గంటలకోసారి వస్తోందో తనే చెప్పుకుని, మలేరియా శాఖ ఉద్యోగి కాకుండా ఒక బీడీ కార్మికురాలై ఉంటే, ఆ కేసు ఎక్కడిదాకా వెళ్లేది?

ఇంతవరకూ చెప్పింది ఒక వైపు. రెండో వైపు అంత సుఖంగా లేదు. నన్ను మోసం చేశారు అని నేననగానే మా కాలేజీలో ఒకాయన 'వాళ్లంతే, మెకానిక్కులందరూ దొంగలే' అన్నాడు. ఆయన అన్నది నా పక్షానే. అయినా ఆ మాటలో ఉన్నది అచ్చం ఆ సూపర్‌వైజర్ మాటలో ఉన్నదే: మనిషి ఎవరన్నదాన్ని బట్టి మాటకి విలువ కట్టడం. నేను చూసిన షెడ్లలో పనిచేసేవాళ్లు ముస్లింలు, బీసీ, దళిత కులాల పిల్లలు, ఏడో తరగతిలోనో పదో తరగతిలోనో బడి మానినవాళ్లు. చేతులకు ఎప్పుడూ నల్లటి గ్రీజు. వాళ్ల జ్ఞానాన్ని మన విశ్వవిద్యాలయాలు జ్ఞానమని ఎప్పుడు ఒప్పుకున్నాయి? ఈ జిల్లాలోనే పుట్టిన కంచ ఐలయ్య ఉత్పత్తి కులాల పనిలో ఉన్న శాస్త్రం గురించి 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో ప్రత్యేకంగా ఒక పుస్తకం రాయాల్సి వచ్చిందంటే, అది పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం వల్లే. నన్ను వినని చోట నేను స్త్రీని. కారు తాళాలు బల్లమీద పెట్టి ఇంగ్లీషులో ఈమెయిల్ రాస్తానని బెదిరించగలిగిన చోట నేను ఇంకెవరినో కూడా. ఈ రెండూ ఒకే మధ్యాహ్నం, ఒకే కుర్చీలో కూర్చుని ఉంటాయి.

రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'లో సరిగ్గా ఇలాంటి ఘట్టమే ఉంది. ఇంజన్ పాడైందని షాపుకిస్తే కుర్రాళ్లు రేడియో పెట్టుకుని ఊడదీసి ఇంకా పాడుచేస్తారు. చివరికి అసలు కారణం పాతిక సెంట్ల పిన్ను తెగడమని అతనే కనుక్కుంటాడు. వాళ్లకి పని మీద శ్రద్ధ లేదు, అంతా ప్రేక్షకుల్లా ఉన్నారని అతని నిర్ధారణ. గొప్ప పుస్తకం, కాదనను. కానీ ఆ కుర్రాళ్లకి ఎంత జీతమిస్తున్నారు, గంటకి ఎన్ని బళ్లు తేల్చమంటున్నారు అని కథకుడు అడగడు. తన పనిముట్లతో తన గరాజ్‌లో తీరిగ్గా కూర్చోగలిగిన మగవాడి నీతిశాస్త్రం అది. శ్రద్ధ మనసులో పుట్టే గుణమే కావచ్చు, నిలబడాలంటే దానికి సమయం కావాలి.

ఆ పెద్ద వర్క్‌షాపు ఏర్పాటు చూడండి. కస్టమర్ మాట వినేవాడు సూపర్‌వైజర్. అతను రిపేరు చేయడు. బిల్లు పెరిగితే అతనికి ఇన్సెంటివ్. రిపేరు చేసేవాడు అద్దం అవతల ఉంటాడు. అద్దం మీద 'కస్టమర్లు లోపలికి రాకూడదు' అని ఉంటుంది. అంటే వినేవాడు చేయడు, చేసేవాడు వినడు. నేను ఎంత గట్టిగా, ఎంత స్పష్టంగా, ఎంత శాస్త్రీయంగా మాట్లాడినా నా మాట ఆ అద్దం దాటే వీలు లేదు. ములుగు రోడ్డు షెడ్డులో అద్దం లేదు. షెడ్లన్నీ పుణ్యక్షేత్రాలని చెప్పడం లేదు. డూప్లికేట్ పార్టులు వేసేవాళ్లు, పాత ఆయిలే మళ్లీ పోసేవాళ్లు అక్కడా ఉన్నారు. ఉస్తాద్ నా పక్కన కూర్చోగలిగాడు, అంతే నేను చెప్పగలిగేది.

నమ్మకం మీద ఆనెట్ బయర్ 1986లో రాసిన వ్యాసం నాకు ఇక్కడ బాగా ఉపయోగపడింది. మగ తత్వవేత్తలు సమానుల మధ్య ఒప్పందాల గురించే శతాబ్దాలుగా మాట్లాడారని, అసమానుల మధ్య నమ్మకం వాళ్లకి పట్టలేదని ఆమె విమర్శ. నమ్మడమంటే మనకు విలువైనదాన్ని ఇంకొకరి చేతిలో, వాళ్ల విచక్షణకు వదిలిపెట్టడం. ఆ సంబంధం మంచిదో కాదో తేల్చడానికి ఆమె ఒక పరీక్ష చెప్తుంది. ఎదుటి మనిషిలో దేని మీద ఆధారపడి ఈ సంబంధం నడుస్తోందో అది బయటపెట్టండి. బయటపెట్టాక కూడా నిలబడుతుందా? ఉస్తాద్ నా పరిశీలన మీద ఆధారపడ్డాడు, నేను అతని చెవి మీద. ఇద్దరం పైకి చెప్పుకున్నా ఏమీ చెడదు. వర్క్‌షాపు ఆధారపడింది నాకు తెలియదన్న దాని మీద. అది పైకి అన్న మరుక్షణం అక్కడ సంబంధం ఉండదు. 'మగవాళ్లని తీసుకుపో' అన్న సలహా కూడా ఈ పరీక్షలో నిలవదు. అది నమ్మకాన్ని కట్టదు, భయపెట్టడానికి ఒక బొమ్మను నిలబెడుతుంది, పొలంలో లాగా.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవాలోపం కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. వస్తువులో లోపం పరీక్షించనిదే తేలదనుకుంటే కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపిస్తుంది. నా దగ్గర ప్లగ్గు ఉంది, జాబ్‌కార్డు ఉంది, బిల్లులున్నాయి. వెళ్లే ముందు ఒకసారి వర్క్‌షాపుకి ప్లగ్గు తీసుకెళ్లి చూపించాను. సూపర్‌వైజర్ ఇది మా ప్లగ్గేనని గ్యారంటీ ఏంటి అన్నాడు. బిల్లులో ప్లగ్గుల కంపెనీ పేరు, సంఖ్య ఉన్నాయని చూపించాను. అప్పుడు అద్దం తలుపు తీసి లోపల్నుంచి ఒక కుర్రాణ్ణి పిలిచాడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో. అందరి ముందూ "నువ్వేనా బిగించింది?" అన్నాడు. ఆ పిల్లవాడు ప్లగ్గు తీసుకుని పగులు చూశాడు, వేలితో తడిమాడు. "మాకు టార్క్ రెంచ్ ఎప్పుడన్న ఇచ్చిన్రా సార్? రోజుకు పన్నెండు బండ్లు" అన్నాడు. సూపర్‌వైజర్ అతన్ని లోపలికి పొమ్మన్నాడు, జీతంలో పట్టుకుంటామని నాకు హామీ ఇచ్చాడు, పద్దెనిమిది వందలు వెనక్కి ఇస్తానన్నాడు.

జీతంలో పట్టుకోవడానికి నేను ఒప్పుకోలేదు. డబ్బు కూడా ముట్టలేదు. జాబ్‌కార్డు తీసుకుని 'పికప్ ప్రాబ్లం' అన్న దాని కింద, ఎవరి పేరూ లేకుండా, తెలుగులో రాశాను: ప్లగ్గులు బిగించడానికి టార్క్ రెంచ్ లేదు, కంప్రెషన్ కొలవకుండా హెడ్ దింపాలన్నారు, బండి నడిపే మనిషితో మెకానిక్‌ని మాట్లాడనివ్వలేదు. సంతకం పెట్టమని అతని ముందు పెట్టాను. ఓనర్‌ని అడగాలి అన్నాడు. మూడు వారాలైంది. ఇంకా అడుగుతున్నాడు.